రెండో కుర్చీ... మన్యం దాకా!

ఉపరాష్ట్రపతి అంటే చాలామంది దృష్టిలో ఓ అలంకారం. పేరులోనే 'ఉప' ఉంది కదా అని తేలిగ్గా తీసేస్తారు. కానీ డెబ్భై ఏళ్లు దాటిన ఆ పదవి చరిత్ర తిరగేస్తే ముగ్గురు తెలుగువాళ్ల పేర్లు మెరుస్తాయి. ఇంకాస్త లోతుకు వెళ్తే ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున ఉన్న ఊళ్లూ కనిపిస్తాయి. ఢిల్లీలోని ఆ కుర్చీకీ గోదావరి, శబరి ఒడ్డునున్న గూడేలకీ ఏమిటి సంబంధం?

2025 సెప్టెంబరు 9. పార్లమెంటు భవనంలో ఓటింగ్ జరుగుతోంది. ఓటర్లంతా ఎంపీలే. మామూలుగా అయితే ఉపరాష్ట్రపతి ఎన్నిక గురించి ఊళ్లలో ఎవరూ మాట్లాడుకోరు. ప్రచార రథాలుండవు, గోడల మీద రాతలుండవు. కానీ ఆసారి మూడు వారాలపాటు టీవీల్లో, పత్రికల్లో పదేపదే వినిపించిన మాట ఒకటుంది... 'సల్వాజుడుం'. ఆ మాట భద్రాచలం ఏజెన్సీకి కొత్తేం కాదు. దాని దెబ్బకు ఊళ్లొదిలి అడవుల్లోంచి నడిచొచ్చిన వందల కుటుంబాలు ఆ చుట్టుపక్కలే గుడిసెలు వేసుకున్నాయి మరి.

ఆ ఎన్నికలో ఓడిన అభ్యర్థి తెలుగువారు. ఆయన రాసిన తీర్పే ఆ చర్చకు మూలం. అసలు కథలోకి వెళ్లేముందు, ఈ కుర్చీ సంగతేమిటో చూద్దాం.

ఉప... కానీ జీతం లేదు!

'భారతదేశానికి ఒక ఉపరాష్ట్రపతి ఉండాలి' అని చెబుతుంది రాజ్యాంగంలోని 63వ అధికరణం. ఆయన చేయాల్సిన పని మాత్రం ఆ పేరుతో ఒక్కటీ లేదు. 64వ అధికరణం ప్రకారం ఆయన పదవిరీత్యా రాజ్యసభకు ఛైర్మన్. రోజువారీ పని అదే. అందుకే ఉపరాష్ట్రపతికి ఆ హోదాలో జీతమంటూ ఉండదు. నెలనెలా అందే నాలుగు లక్షల రూపాయలూ రాజ్యసభ ఛైర్మన్‌గానే తీసుకుంటారు. రాష్ట్రపతి బాధ్యతలు చూడాల్సి వస్తే ఆ రోజుల్లో సభను నడపకూడదు, ఛైర్మన్ జీతమూ తీసుకోకూడదు.

ఇంకో విచిత్రం... సభను నడిపే ఈ పెద్దాయన ఆ సభలో సభ్యుడు కాదు. ఓటు కూడా ఉండదు. రెండు పక్షాలకూ సమానంగా ఓట్లు వచ్చినప్పుడే ఆయన తన ఓటుతో తేల్చాలి. కాబట్టి పవర్ లేదనుకుంటే పొరపాటే. ఎవరికి మాట్లాడే అవకాశమివ్వాలి, ఏ నోటీసును అనుమతించాలి, ఎవరిని సభ నుంచి బయటకు వెళ్లమనాలి అన్నది ఛైర్మన్ చేతిలోని పనే. పార్టీ ఫిరాయించారన్న ఫిర్యాదు వస్తే సభ్యత్వం ఉంటుందో ఊడుతుందో చెప్పేదీ ఆయనే.

అమెరికాలోనూ ఉపాధ్యక్షుడే సెనేట్‌కు అధ్యక్షత వహిస్తారు. మనవాళ్లు ఆ పోలిక అక్కణ్నుంచే తెచ్చుకున్నారు. తేడా ఏమిటంటే అక్కడ అధ్యక్షుడు చనిపోతే ఉపాధ్యక్షుడు మిగిలిన పదవీకాలమంతా అధ్యక్షుడిగా ఉంటారు. మన దగ్గర అలా కుదరదు. కొత్త రాష్ట్రపతిని ఆర్నెల్లలోపు ఎన్నుకోవాలి, అప్పటిదాకే ఉపరాష్ట్రపతి తాత్కాలికంగా ఆ బాధ్యత చూస్తారు.

మొదట్లో ఉభయసభల సభ్యులూ ఒకచోట సమావేశమై ఉపరాష్ట్రపతిని ఎన్నుకోవాలని రాజ్యాంగంలో రాసుకున్నారు. 1961లో 11వ సవరణతో ఆ సంయుక్త సమావేశం అక్కర్లేకుండా పోయింది. లోక్‌సభ, రాజ్యసభ సభ్యులందరూ రహస్య బ్యాలెట్‌లో ఓటేస్తారు. రాష్ట్రాల ఎమ్మెల్యేలకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటుంటుంది కానీ ఇందులో ఉండదు. రాష్ట్రాల సభను నడిపే వ్యక్తి ఎన్నికలో రాష్ట్రాల శాసనసభలకు పాత్ర లేదన్నమాట!

సర్వేపల్లి నుంచి చవటపాలెం దాకా...

తొలి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. పుట్టింది తిరుత్తణిలో అయినా ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని ఊరిది. 1931 నుంచి 1936 దాకా ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా పనిచేసి, సోవియట్ యూనియన్‌లో రాయబారిగా ఉండి వచ్చిన ఆయన 1952 మే 13న ఆ కుర్చీలో కూర్చున్నారు. రాజ్యసభ మొదటిసారి సమావేశమైందీ ఆ రోజే. 1952లోనూ 1957లోనూ పోటీ లేకుండానే ఎన్నికయ్యారు. పదేళ్లు ఆ సభను నడిపి, 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆ తర్వాత వచ్చిన జాకీర్ హుస్సేన్‌కూ మనతో ఓ బంధముంది. ఆయన పుట్టింది హైదరాబాద్‌లో.

మూడో ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి. బరంపురంలోని తెలుగు కుటుంబం నుంచి వచ్చి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, రైల్వే కార్మికుల నాయకుడిగా ఎదిగిన మనిషి. ఆయన జీవితంలో ఓ ఎన్నిక గురించి చాలామందికి తెలియదు. 1957లో పార్వతీపురం నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. అప్పట్లో అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకటి జనరల్, ఇంకోటి గిరిజనులకు రిజర్వు చేసిన సీటు. ఫలితాలు చూస్తే రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే దక్కాయి. రిజర్వుడు సీటు బి.సత్యనారాయణకు, జనరల్ సీటు డిప్పల సూరిదొరకు. కేంద్ర మంత్రిగా పనిచేసిన గిరి ఓడిపోయారు.

గిరిజన అభ్యర్థి జనరల్ సీటు గెలవొచ్చా? గిరి కోర్టుకెళ్లారు. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1959లో మెజారిటీ తీర్పు సూరిదొర పక్షానే వచ్చింది. రిజర్వేషన్ అనేది గిరిజనుడికి ఓ కనీస హామీ మాత్రమే, ఓట్లు ఎక్కువొస్తే జనరల్ సీటూ ఆయనదే అని తేలింది. 1961లో పార్లమెంటు ఇద్దరు సభ్యుల నియోజకవర్గాల పద్ధతినే తీసేసింది. కాబోయే ఉపరాష్ట్రపతి మీద ఓ మన్యం మనిషి గెలిచిన ఆ కేసు న్యాయవాదుల పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నర్‌గా చేసి 1967లో గిరి ఉపరాష్ట్రపతి అయ్యారు. రెండేళ్లు తిరక్కుండానే, 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. పదవిలో ఉండగా రాష్ట్రపతి చనిపోవడం అదే మొదటిసారి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. కాంగ్రెస్ పార్టీ రాష్ట్రపతి అభ్యర్థిగా మరో తెలుగు నేత నీలం సంజీవరెడ్డిని నిలబెట్టింది. గిరి స్వతంత్రుడిగా దిగారు. జులై 19న బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సుపై సంతకం చేసి, మర్నాడే రాజీనామా ఇచ్చేశారు. ప్రధాని ఇందిరాగాంధీ 'అంతరాత్మ ప్రబోధం' మేరకు ఓటేయమన్నారు. మొదటి లెక్కలో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఇద్దరు తెలుగువాళ్ల ఆ పోటీ ఆఖరికి కాంగ్రెస్‌నే రెండుగా చీల్చింది.

రాష్ట్రపతీ లేక, ఉపరాష్ట్రపతీ లేక పోతే ఎలా? ఆ ప్రశ్నకు 1969లోనే చట్టం చేశారు. దాని ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా నెలకుపైగా రాష్ట్రపతి బాధ్యతలు చూశారు. ఆయనే పదేళ్ల తర్వాత ఉపరాష్ట్రపతి కావడం మరో విశేషం.

మూడో తెలుగువారి కోసం చాలా కాలం ఆగాల్సి వచ్చింది. నెల్లూరు జిల్లా చవటపాలెంలో రైతు కుటుంబంలో పుట్టిన ముప్పవరపు వెంకయ్యనాయుడు 2017 ఆగస్టు 5న 516 ఓట్లతో గెలిచారు. ప్రత్యర్థి గోపాలకృష్ణ గాంధీకి 244 వచ్చాయి. స్వతంత్ర భారతంలో పుట్టిన తొలి ఉపరాష్ట్రపతి ఆయనే.

రాజ్‌భవన్ మీదుగా...

తెలుగువాళ్లు కాకపోయినా హైదరాబాద్ రాజ్‌భవన్ మీదుగా ఆ కుర్చీకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని రాంలాల్ బర్తరఫ్ చేశాక, గొడవ చల్లార్చడానికి గవర్నర్‌గా వచ్చింది శంకర్‌దయాళ్ శర్మ. నెల తిరిగేలోగా ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. శర్మ 1987లో ఉపరాష్ట్రపతి, 1992లో రాష్ట్రపతి అయ్యారు. 1990 నుంచి 1997 దాకా ఏకంగా ఏడేళ్లు ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఉన్న కృష్ణకాంత్ అక్కణ్నుంచే ఉపరాష్ట్రపతి పదవికి వెళ్లారు. 2002 జులై 27న పదవిలో ఉండగానే కన్నుమూశారు. అలా చనిపోయిన ఉపరాష్ట్రపతి ఆయనొక్కరే. 2025లో గెలిచిన సీపీ రాధాకృష్ణన్ కూడా 2024లో కొన్ని నెలలు తెలంగాణ గవర్నర్‌గా అదనపు బాధ్యతలు చూశారు.

భద్రాచలం ఏజెన్సీకి ఇది చిన్న విషయం కాదు. రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల విషయంలో గవర్నర్‌కు ప్రత్యేక అధికారాలున్నాయి. ఏ చట్టం అక్కడ వర్తించకూడదో చెప్పొచ్చు, గిరిజనుల భూమి చేతులు మారకుండా నిబంధనలు చేయొచ్చు. మన్యంలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకుండా అడ్డుకునే 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 నాటి '1/70' ఆ అధికారంతో వచ్చినవే. అంటే ఆ ముగ్గురూ ఢిల్లీ వెళ్లేముందు కొంతకాలం మన్యం మంచిచెడ్డలు చూడాల్సిన స్థానంలో ఉన్నవారే.

పెద్దల సభ గీసిన గీత

భద్రాచలానికి సరిహద్దులు మారడం అలవాటే. ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. తర్వాత తూర్పుగోదావరి జిల్లా. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో మరో గీత పడింది. ఆ గీతకు ఆమోదముద్ర వేసింది ఉపరాష్ట్రపతి ఛైర్మన్‌గా ఉండే రాజ్యసభే.

2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు రాజ్యసభలో గట్టెక్కింది. అరుపులు, ప్లకార్డులు, వెల్‌లో సభ్యులు... ఉపరాష్ట్రపతిగా హమీద్ అన్సారీ ఉన్న కాలమది. ఆ రోజు ఆంధ్రప్రదేశ్ కోసం పోలవరం ముంపు ప్రాంతాల సంగతి, ప్రత్యేక హోదా సంగతి గట్టిగా లేవనెత్తిన సభ్యుడు కర్ణాటక నుంచి ఎన్నికైన వెంకయ్యనాయుడు. మూడేళ్ల తర్వాత అదే సభకు ఆయన ఛైర్మన్ అయ్యారు.

తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు, మే నెలాఖరులో, ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. దాన్ని చట్టం చేసే బిల్లు జులై 11న లోక్‌సభలో, 14న రాజ్యసభలో నెగ్గింది. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగా, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు, భద్రాచలం పట్టణాన్ని మినహాయించి ఆ మండలమూ అవతలికి వెళ్లాయి. రామాలయమున్న భద్రాచలం తెలంగాణలోనే మిగిలింది. రాముడి మాన్యాలున్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వెళ్లేవాళ్లకు దారి మధ్యలో ఇంకో రాష్ట్రం తగులుతుంది!

ఒక ప్రాజెక్టు కట్టాలంటే ముంపు ప్రాంతమంతా ఒకే రాష్ట్రంలో ఉండాలన్నది అటువైపు వాదన. ఊళ్లను అడక్కుండా రాష్ట్రం ఎలా మారుస్తారన్నది ఇటువైపు వాదన. రాజ్యాంగంలోని మూడో అధికరణం ప్రకారం సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుదే, రాష్ట్రాల అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోలు అక్కర్లేదు. ఆ మండలాల్లో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. వాళ్ల బతుకుల్ని మార్చిన చర్చ వాళ్లకు రాని భాషల్లో జరిగింది.

ఇరవై రెండు భాషలు... కోయ మాట లేదు

భాష సంగతి వచ్చింది కాబట్టి వెంకయ్యనాయుడి కాలంలో జరిగిన ఓ మంచి పని చెప్పుకోవాలి. 2018 వర్షాకాల సమావేశాల నుంచి రాజ్యసభలో ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేంట్లోనైనా సభ్యులు మాట్లాడే ఏర్పాటు జరిగింది. మాట్లాడుతుండగానే అనువాదకులు మిగతావాళ్ల చెవుల్లోకి హిందీ, ఇంగ్లిషుల్లో చేరవేస్తారు. 2019లో ఒడిశా సభ్యురాలు సరోజినీ హేంబ్రమ్ సంతాలీలో మాట్లాడారు. ఓ ఆదివాసీ భాష పెద్దల సభలో వినపడటం ఎందరికో గర్వకారణమైంది.

అయితే ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఆదివాసీ భాషలు సంతాలీ, బోడో రెండే. గోండి లేదు, కోయ లేదు. భద్రాచలం నుంచి రేపు ఓ కోయ బిడ్డ రాజ్యసభకు వెళ్తే తెలుగులో మాట్లాడొచ్చు, సొంత మాటలో మాట్లాడలేరు. తలుపు తెరుచుకుంది, కాకపోతే సగమే.

తీర్పు రాసిన చెయ్యి

మళ్లీ 2025కు వద్దాం. ఆ ఏడాది జులై 21న, వర్షాకాల సమావేశాలు మొదలైన రోజే, ఉపరాష్ట్రపతి జగదీప్ ధన్‌ఖడ్ ఆరోగ్య కారణాలు చూపుతూ రాజీనామా చేశారు. అంతకు ఏడు నెలల ముందు, 2024 డిసెంబరులో, ఆయన్ను తొలగించాలని ప్రతిపక్షాలు నోటీసు ఇచ్చాయి. ఉపరాష్ట్రపతి మీద అలాంటి నోటీసు రావడం అదే మొదటిసారి. డిప్యూటీ ఛైర్మన్ హరివంశ్ దాన్ని తిరస్కరించారు.

ఖాళీ అయిన కుర్చీకి ఎన్డీయే సీపీ రాధాకృష్ణన్‌ను నిలబెడితే, ఇండియా కూటమి జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డిని దింపింది. రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారంలో పుట్టి, హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు వెళ్లిన న్యాయమూర్తి ఆయన. 2011 జులై 5న, పదవీ విరమణకు మూడు రోజుల ముందు, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్‌తో కలిసి సల్వాజుడుం తీర్పునిచ్చారు.

ఏమిటా కేసు? 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. నాయకుడు కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మ, వెనక బీజేపీ ప్రభుత్వం అండ. అటు మావోయిస్టులు, ఇటు జుడుం... మధ్యలో ఊళ్లు తగలబడ్డాయి. జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా, అంటే ఎస్పీవోలుగా తీసుకుని, నెలకు 3,000 రూపాయలిచ్చి తుపాకులు చేతికిచ్చారు. అయిదో తరగతి పాసైతే చాలు. దీన్ని సవాలు చేస్తూ నందినీ సుందర్, రామచంద్ర గుహ, విశాఖపట్నానికి చెందిన మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ సుప్రీంకోర్టుకెళ్లారు. చదువు అంతంతమాత్రంగా ఉన్న కుర్రాళ్లను అలా యుద్ధంలోకి దింపడం సమానత్వ హక్కుకూ జీవించే హక్కుకూ విరుద్ధమని కోర్టు తేల్చింది. తుపాకులు వెనక్కి తీసుకోమంది. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సహాయక పోలీసు బలగాల చట్టం చేసుకుంది. 2013లో మహేంద్ర కర్మను మావోయిస్టులు చంపేశారు.

పద్నాలుగేళ్ల తర్వాత, ఆ తీర్పు లేకపోతే నక్సలిజం 2020 నాటికే అంతమయ్యేదని కేంద్ర హోంమంత్రి అమిత్‌షా విమర్శించారు. అది తన సొంత తీర్పు కాదు సుప్రీంకోర్టు తీర్పు, పూర్తిగా చదివి మాట్లాడాలన్నది సుదర్శన్‌రెడ్డి సమాధానం. మాజీ న్యాయమూర్తులూ రెండు వర్గాలుగా ప్రకటనలిచ్చారు. తెలుగువారిని గెలిపించాలని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కోరినా, తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ ఎన్డీయే వైపే నిలిచాయి. యూరియా కొరతకు నిరసన అంటూ బీఆర్ఎస్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. చివరికి రాధాకృష్ణన్‌కు 452, సుదర్శన్‌రెడ్డికి 300 ఓట్లు వచ్చాయి. చెల్లని ఓట్లు 15.

వాదనలో లేనివాళ్లు

ఈ మొత్తం వాదనలో ఒకరి ఊసు మాత్రం పెద్దగా రాలేదు. కుంట, దాని చుట్టుపక్కల పల్లెల నుంచి శబరి దాటి, కొండలు దాటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చినవాళ్లు. స్థానికులు వాళ్లను గుత్తికోయలంటారు. చింతూరు, చర్ల, దుమ్ముగూడెం వైపు మొదట ఆగి, తర్వాత లోపలి అడవులకూ వెళ్లారు. మిర్చి కోతలకు కూలికెళ్తారు. కాస్త పోడు కొట్టుకుంటారు.

వాళ్లకు చట్టంతో ఓ చిక్కుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవాళ్లకే పట్టా. జుడుం మొదలైందే 2005 మధ్యలో. అంటే ఆ గొడవకు ఊరొదిలిన చాలామంది ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్లే. వదిలి వచ్చిన చోట పొలం లేదు, వచ్చిన చోట హక్కు లేదు. ఎస్టీ జాబితా రాష్ట్రానికోటి కాబట్టి అక్కడి గిరిజన హోదా ఇక్కడ చెల్లదు. కుల ధ్రువీకరణ పత్రం లేకపోతే పిల్లల చదువుకూ ఇబ్బందే. మరోవైపు అడవి తరిగిపోతోందని అటవీశాఖ గోడు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు భూమిలో మొక్కల వివాదం ముదిరి ఓ ఫారెస్టు రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. విధి నిర్వహణలో ఉన్న మనిషి ప్రాణం పోయింది, గూడెం మొత్తం మీద అనుమానపు నీడ పడింది.

2014లో ఆ గూడేల్లో కొన్ని ఆంధ్రప్రదేశ్‌లోకి, కొన్ని తెలంగాణలోకి వచ్చాయి. ఒకే అడవి, ఒకే మనుషులు, మూడు రాష్ట్రాల కాగితాలు. ఒక రాష్ట్రం తేల్చలేని సమస్య ఇది. రాష్ట్రాల తరఫున మాట్లాడటానికి రాజ్యాంగం పెట్టుకున్న చోటు రాజ్యసభ. దాన్ని నడిపేవారు ఉపరాష్ట్రపతి.

ఇవీ విశేషాలు

* ఉపరాష్ట్రపతుల్లో రాష్ట్రపతులైనవారు ఆరుగురు: రాధాకృష్ణన్, జాకీర్ హుస్సేన్, వీవీ గిరి, వెంకట్రామన్, శంకర్‌దయాళ్ శర్మ, కేఆర్ నారాయణన్.

* రెండుసార్లు పూర్తి పదవీకాలం చేసినవారు ఇద్దరే: సర్వేపల్లి రాధాకృష్ణన్, హమీద్ అన్సారీ.

* పోటీ లేకుండా ఎన్నికైనవారు: రాధాకృష్ణన్ (1952, 1957), హిదయతుల్లా (1979), శంకర్‌దయాళ్ శర్మ (1987).

* పోటీ చేయాలంటే 35 ఏళ్లు నిండాలి. 20 మంది ఎంపీలు ప్రతిపాదించాలి, మరో 20 మంది బలపరచాలి. డిపాజిట్ 15,000 రూపాయలు.

* తొలగించాలంటే 14 రోజుల ముందు నోటీసిచ్చి రాజ్యసభలో తీర్మానం నెగ్గించాలి, లోక్‌సభ ఒప్పుకోవాలి. ఇప్పటిదాకా అలా ఎవర్నీ తొలగించలేదు.

* ఈ పదవికి ఇంతవరకూ మహిళ ఎన్నిక కాలేదు. 2007లో నజ్మా హెప్తుల్లా, 2022లో మార్గరెట్ ఆల్వా పోటీ చేసి ఓడిపోయారు. ఆదివాసీ మహిళ ద్రౌపదీ ముర్ము 2022లో రాష్ట్రపతి అయ్యారు కానీ, రెండో కుర్చీలో మాత్రం ఆదివాసీలెవరూ కూర్చోలేదు.

1957లో పార్వతీపురం ఓటర్లు ఓ గిరిజనుణ్ని జనరల్ సీటులో గెలిపించారు. శబరి ఒడ్డున ఉన్న ఊళ్ల గోడు పెద్దల సభలో వాళ్ల మాటలోనే వినపడటానికి ఇంకెన్నాళ్లు పడుతుందో!